లేమి, శూన్యత, ఉనికి: అసలు ఏదైనా ఎందుకు ఉంది?

7.1 ప్రవేశిక

జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ 1714లో రాసిన ఒక చిన్న గ్రంథంలో ఒక ప్రశ్న వేశాడు. ఇది ఎందుకు ఉంది, అది ఎందుకు జరిగింది అని మనం రోజూ అడుగుతూనే ఉంటాం. ఆయన అడిగింది అలాంటి ప్రశ్న కాదు. అసలు ఏదైనా ఎందుకు ఉంది? ఏమీ లేకుండా ఎందుకు లేదు? ఏమీ లేకపోవడం సులువైన స్థితి, దానికి ఏ ఏర్పాటూ అక్కర్లేదు, ఉండడానికే కారణం కావాలి అని ఆయన ఆలోచన.

ఈ ప్రశ్నను తెలుగులో చర్చించే విద్యార్థికి మొదటి చిక్కు 'శూన్యం' అనే మాటతో వస్తుంది. లెక్కల్లో సున్నను శూన్యం అంటాం. ఖాళీ జాగాను శూన్యం అంటాం. బౌద్ధంలోని శూన్యతనూ, లైబ్నిజ్ చెప్పిన 'ఏమీ లేకపోవడా'న్నీ కూడా ఆ మాటతోనే చెబుతాం. ఈ నాలుగూ ఒకటి కావు. ముఖ్యంగా ఒక వస్తువు లేకపోవడం, వస్తువుకు స్వభావం లేకపోవడం, అసలు ఏ వస్తువూ లేకపోవడం అనే మూడింటినీ విడదీసి చూడటం ఈ యూనిట్‌లో మనం చేయవలసిన పని.

ఉదాహరణలు చాలావరకు బందరు, గుడివాడ, దివిసీమల నుంచి తీసుకున్నాం. అందుకు కారణం ఉంది. ఈ నేల ఒకప్పుడు లేదు, అక్కడ సముద్రం ఉండేది. నేల ఏర్పడిన తరువాత కూడా ఉప్పెనల రూపంలో సముద్రం దాని మీదికి వచ్చింది. ఈ నడుమ కాలంలో ఇక్కడ బౌద్ధ స్తూపాలు వెలిశాయి, కూలాయి. 'లేదు' అనే మాటకు అర్థం ఏమిటని ఆలోచించడానికి ఇంతకంటే తగిన చోటు వెతకనక్కరలేదు.

7.2 'ఏమీ లేదు' అనే వాక్యం

ఇంగ్లీషులోనూ, జర్మన్‌లోనూ 'నథింగ్', 'నిష్ట్స్' అనే మాటలు వాక్యంలో నామవాచకం చోట నిలబడతాయి. అందువల్ల అవి ఏదో ఒక వస్తువుకు పేర్లేమో అనే భ్రమ కలుగుతుంది. లూయిస్ కారోల్ 1871లో వెలువరించిన రెండవ ఆలిస్ కథలో దీని మీద ఒక హాస్య సన్నివేశం ఉంది. దారిలో ఎవరైనా కనిపిస్తున్నారా అని రాజు అడుగుతాడు. ఆలిస్ ఇచ్చిన జవాబులోని 'నోబడీ'ని రాజు ఒక మనిషి పేరుగా తీసుకుని, అంత దూరంలో ఉన్న అతణ్ణి చూడగలిగినందుకు ఆమె కళ్ళను మెచ్చుకుంటాడు. దీన్ని తెలుగులో చెప్పి చూడండి. "దారిలో ఎవరూ కనబడటం లేదు" అనగానే హాస్యం చచ్చిపోతుంది. తెలుగులో కాదనే పని క్రియ చేస్తుంది. 'ఎవరూ', 'ఏమీ' అనేవి ఎవరి పేర్లూ కావు.

హైడెగర్ 1929లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో 'లేమి' తానే ఒక పని చేస్తుందన్నట్టు మాట్లాడాడు. ఇది వ్యాకరణం కల్పించిన భ్రమ, ఇలాంటి వాక్యాలకు అర్థమే లేదు అని కొద్ది సంవత్సరాలకే కార్నాప్ విమర్శించాడు. హైడెగర్ చెప్పదలచినది ఆందోళనలో మనిషికి కలిగే ఒక అనుభవం గురించి కనుక కార్నాప్ విమర్శతో అంతా తేలిపోదు. కాని తెలుగు విద్యార్థికి ఒక సౌలభ్యం ఉంది. మన వాడుక భాష ఆ భ్రమను సులభంగా కల్పించదు.

మన భాష ఇంకొకటి కూడా ఇస్తుంది. ఇంగ్లీషులో ఒకే మాటతో సరిపెట్టే చోట మనకు 'లేదు', 'కాదు' అని రెండు మాటలున్నాయి. బందరు పక్కన చిలకలపూడి పూతనగలకు ప్రసిద్ధి. ఆ నగను చేతిలో పట్టుకుని "ఇది బంగారం కాదు" అంటాం. బీరువా తెరిచి "ఇందులో బంగారం లేదు" అంటాం. మొదటి వాక్యంలో నగ ఉంది, బంగారమూ లోకంలో ఉంది. రెండూ ఒకటి కావని మాత్రమే చెప్పాం. రెండవ వాక్యంలో ఒక చోట ఒక వస్తువు లేదన్నాం. ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే తరువాతి భాగం సగం అర్థమైనట్టే.

7.3 అభావం: న్యాయ వైశేషికుల విభజన

వైశేషిక దర్శనం లోకంలో ఉన్నవాటిని పదార్థాలుగా విభజించింది. మొదట ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం అని ఆరే చెప్పారు. తరువాతి కాలంలో ఏడవ పదార్థంగా అభావాన్ని చేర్చారు. లేకపోవడాన్ని ఉన్నవాటి జాబితాలో చేర్చడం వింతగా తోస్తుంది. వారి వాదం ఇది: "బీరువాలో బంగారం లేదు" అనే జ్ఞానం నిజమైన జ్ఞానమే. నిజమైన జ్ఞానానికి దాని వెలుపల ఒక విషయం ఉండాలి. ఆ విషయమే అభావం.

17వ శతాబ్దానికి చెందిన తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం నేటికీ తర్కం నేర్చుకునేవారి మొదటి పుస్తకం. అందులో అభావాన్ని నాలుగు విధాలుగా విభజించాడు. ఆ నాలుగింటి సంస్కృత నామాలు కష్టంగా తోస్తే వాటిని మన మాటల్లో పెట్టుకోవచ్చు.

పెడనలో మగ్గం మీద పడుగు సిద్ధంగా ఉంది, చీర మాత్రం 'ఇంకా లేదు'. ఇది ప్రాగభావం. దీనికి మొదలు లేదు, చీర నేయడంతో అంతమవుతుంది. ఆ చీర కాలిపోయిందనుకోండి, అది 'ఇక లేదు'. ఇది ప్రధ్వంసాభావం. దీనికి మొదలు ఉంది, అంతం లేదు. గాలికి రంగు 'ఎప్పుడూ లేదు'. ఇది మూడు కాలాల్లోనూ ఉండే అత్యంతాభావం. చీర మగ్గం 'కాదు'. ఇది అన్యోన్యాభావం. మొదటి మూడూ 'లేదు' కుటుంబం, నాలుగవది 'కాదు'. శాస్త్రం మొదటి మూడింటినీ కలిపి సంసర్గాభావం అంటుంది.

బీరువాలో ఇవాళ లేని బంగారం రేపు వచ్చి చేరితే అది ఏ అభావం? నేల మీద కుండ లేకపోవడాన్ని అన్నంభట్టు అత్యంతాభావానికే ఉదాహరణగా చూపాడు. మూడు కాలాల్లో ఉండేది మధ్యలో ఎలా పోతుందన్న ప్రశ్నపై వ్యాఖ్యాతలు చాలా తర్జనభర్జన పడ్డారు. తాత్కాలికమైన లేమిని ఐదవ రకంగా చెప్పినవారూ ఉన్నారు. పరీక్షకు నాలుగు చాలు.

ప్రతి అభావానికీ రెండు కొసలుంటాయి. లేనిది ఏదో అది ప్రతియోగి. ఎక్కడ లేదో ఆ చోటు అనుయోగి. పై ఉదాహరణలో బంగారం ప్రతియోగి, బీరువా అనుయోగి. ఈ రెండూ చెప్పకుండా 'లేదు' అంటే వినేవాడు "ఏది? ఎక్కడ?" అని వెంటనే అడుగుతాడు. లైబ్నిజ్ ప్రశ్నను తిరిగి తీసుకున్నప్పుడు మనకు ఈ రెండు మాటలే ఆధారమవుతాయి.

7.4 దివిసీమ: 'ఇక లేదు' అంటే ఏమిటి?

1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు పట్టణం, చుట్టుపక్కల ప్రాంతం కలిపి సుమారు 30,000 మంది చనిపోయారు. 1977 నవంబరు 19న తుఫాను వల్ల లేచిన ఉప్పెన దివిసీమను ముంచింది. సుమారు ఐదు మీటర్ల ఎత్తున నీరు కొన్ని కిలోమీటర్ల మేర లోపలికి వచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే మరణాలు పదివేల వరకు ఉన్నాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి తీర గ్రామాల పేర్లు ఆ రోజుతోనే రాష్ట్రమంతటికీ తెలిశాయి.

ఉప్పెన తరువాత ఒక ఊరు ఉన్న చోట ఇద్దరు నిలబడ్డారని ఊహించండి. ఒకరు ఆ ఊరివారు, మరొకరు మొదటిసారి వచ్చిన సహాయ సిబ్బంది. ఇద్దరి కళ్ళకూ కనిపించేది ఒకటే: బురద, నీరు, ఇసుక. ఊరివారికి అక్కడ తమ ఇల్లు లేకపోవడం, తమవారు లేకపోవడం కనిపిస్తుంది. కొత్తవారికి చదునైన నేల కనిపిస్తుంది. న్యాయశాస్త్రం ఈ తేడాను సరిగ్గా వివరిస్తుంది. ప్రతియోగి తెలియనిదే అభావం తెలియదు. ఆ ఇంటిని ఎరిగినవారే అది లేకపోవడాన్ని చూడగలరు. ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్ కూడా 1943లో దాదాపు ఇదే విషయం చెప్పాడు. కాఫీ దుకాణంలో ఫలానా మిత్రుడు లేకపోవడం అతని కోసం ఎదురుచూసి వెళ్ళినవాడికే ఎదురవుతుంది, అక్కడ కూర్చున్న మిగతావారికి కాదు.

అయితే ఆ అభావం లోకంలో ఉందా, చూసేవారి మనసులో ఉందా? మీమాంసకుల్లో ఇక్కడే చీలిక వచ్చింది. ప్రాభాకరుల ప్రకారం అభావమనే వేరే పదార్థం లేదు. కుండ లేని నేల అంటే ఉత్త నేల, అంతే. కుమారిలభట్టు అనుచరులు దీన్ని ఒప్పుకోలేదు. అభావం ఉంది, దాన్ని తెలుసుకోవడానికి అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణమూ ఉంది అన్నారు. ఉంటే తప్పక కనబడవలసినది కనబడకపోవడమే ఆ ప్రమాణం. చీకట్లో కుండ కనబడకపోతే కుండ లేదని చెప్పలేం. వెలుగులో కనబడకపోతే చెప్పగలం.

ప్రాభాకరుల మాట పొదుపుగా, శాస్త్రీయంగా వినిపిస్తుంది. కాని ఉప్పెన మరునాడు ఆ నేల మీద నిలబడి, ఇక్కడున్నది ఉత్త నేల మాత్రమే, నీవు పోగొట్టుకున్నది నీ తలపులో ఉంది అనడం నిజాన్ని తగ్గించి చెప్పడమే అవుతుందని ఈ పాఠ రచయిత అభిప్రాయం. మీరు అంగీకరించనక్కరలేదు. అంగీకరించకపోతే ఎందుకో రాయండి.

ప్రధ్వంసాభావానికి అంతం లేదన్న మాటను కూడా ఇక్కడే ఆలోచించాలి. ఉప్పెన తరువాత ఇళ్ళు మళ్ళీ కట్టారు, ఊళ్ళు మళ్ళీ నిలిచాయి. అయినా పోయిన ఇంటి లేమి కొత్త ఇల్లు కట్టడంతో తీరదు. కొత్త ఇల్లు వేరే వస్తువు, దాని ప్రాగభావం వేరు. పునర్నిర్మాణం తరువాత కూడా నవంబరు 19న ఆ ప్రాంతంలో మృతులను తలచుకుంటున్నారంటే అందులో తర్కదోషం ఏమీ లేదు.

7.5 శూన్యత: లేకపోవడం కాదు

ఇంతవరకు ఒక వస్తువు లేకపోవడం గురించి మాట్లాడుకున్నాం. శూన్యత సంగతి వేరు. అయితే ముందుగా ఈ డెల్టాలో బౌద్ధం ఎంత లోతుగా ఉండేదో చూడాలి.

చల్లపల్లికి దగ్గరలో ఉన్న ఘంటసాల ఇవాళ సముద్రానికి దూరంగా, పొలాల మధ్య ఉంది. క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ ఈ తీరంలో పేర్కొన్న కొంటకొస్సిల అనే రేవు వ్యాపార కేంద్రం ఇదేనని చరిత్రకారుల అభిప్రాయం. ఇక్కడ దొరికిన ప్రాకృత శాసనం ఒకటి శివకుడనే మహానావికుణ్ణి పేర్కొంటుంది. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో కంటకసెల మహాచైత్యం ప్రస్తావన ఉంది. గుడివాడలోనూ స్తూపం ఉండేది. 19వ శతాబ్దంలో దాని ఇటుకలను రోడ్డు పనికి తరలించారు. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాలపై అలెగ్జాండర్ రే రాసిన గ్రంథం 1894లో వెలువడింది.

నాగార్జునుడు సుమారు క్రీ.శ. 2వ శతాబ్దం వాడు. సంప్రదాయం ఆయనను శాతవాహన రాజుకు మిత్రుడిగా చెబుతుంది. ఆయన ఘంటసాలలో నివసించాడని చెప్పడానికి ఆధారం లేదు. ఆయన ఆలోచించిన బౌద్ధ ప్రపంచంలో ఈ తీరం ఒక భాగం అని మాత్రం చెప్పవచ్చు.

ఆయన మూలమధ్యమకకారికల సారాంశం ఇది: ఏ వస్తువుకూ తనంతట తానుగా నిలిచే స్వభావం లేదు. ప్రతిదీ ఇతర కారణాలపై, భాగాలపై, మనం పెట్టుకున్న పేర్లపై ఆధారపడి ఉంటుంది. ఇలా ఆధారపడి పుట్టడం ప్రతీత్యసముత్పాదం. దీనికే మరో పేరు శూన్యత. కనుక శూన్యమైనది లేని వస్తువు కాదు, స్వతంత్రంగా లేని వస్తువు.

డెల్టానే తీసుకోండి. మహాబలేశ్వరం దగ్గర పుట్టి సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించిన కృష్ణ తెచ్చిన ఒండ్రుమట్టి, దాన్ని వెనక్కి నెట్టిన సముద్రపు అలలు, పులిగడ్డ దగ్గర నది పాయలుగా చీలడం అన్నీ కలిస్తేనే దివిసీమ. వీటిలో ఏది దివిసీమ? ఏదీ కాదు. వీటన్నిటినీ తీసేసి మిగిలేది దివిసీమా? అలాంటిది ఏమీ మిగలదు. అలాగని దివిసీమ లేదా? వరి పండుతోంది, జనం ఉంటున్నారు, బస్సులు తిరుగుతున్నాయి. ఉంది, కాని ఆధారపడి ఉంది. నాగార్జునుడు చెప్పేది ఇంతే. మారగలగడానికి కూడా అదే కారణం. తనంతట తానుగా నిలిచే స్వభావం ఉంటే డెల్టా పెరిగేదీ కాదు, కోతకు గురయ్యేదీ కాదు.

జవాబు పత్రాల్లో ఎక్కువమంది రాసే వాక్యం "శూన్యవాదం అంటే ఏమీ లేదనే వాదం" అన్నది. దీనికి మార్కులు రావు. నాగార్జునుని కాలంలోనే ఈ ఆక్షేపణ వచ్చింది. అన్నీ శూన్యమైతే బుద్ధుడు చెప్పిన నాలుగు ఆర్యసత్యాలు కూడా లేనట్టే కదా అని ప్రతిపక్షి అడుగుతాడు. శూన్యం కాబట్టే అవన్నీ కుదురుతాయి, దుఃఖం కారణాల వల్ల పుట్టింది కనుకనే తొలగుతుంది అని ఆయన సమాధానం. శూన్యతను తప్పుగా పట్టుకున్నవాణ్ణి పామును తప్పుగా పట్టుకున్నవాడితో పోల్చాడు. దివిసీమ పొలాల్లో తిరిగినవారికి ఈ పోలికను విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంకొక ఆక్షేపణ: అన్ని మాటలూ శూన్యమైతే నీ మాటా శూన్యమే, అది దేన్ని కాదనగలదు? విగ్రహవ్యావర్తనిలో నాగార్జునుడు ఇచ్చిన జవాబు అభావాన్ని గురించిన మన చర్చకు దగ్గరగా ఉంటుంది. దేవదత్తుడు ఇంట్లో లేడని చెప్పే మాట దేవదత్తుణ్ణి లేకుండా చేయదు, లేడని తెలియజేస్తుంది. అలాగే తన వాదం స్వభావాన్ని నాశనం చేయదు, అది మొదటినుంచీ లేదని చూపుతుంది.

దీన్ని ఓదార్పు మాటగా వాడటంలో ఒక ప్రమాదం ఉంది. అన్నీ కోల్పోయినవారితో "అంతా శూన్యమే కదా" అనడం ఈ దర్శనం చెప్పేది కాదు. బాధ కారణాల వల్ల కలుగుతుంది, కారణాలను మార్చవచ్చు అన్నది దాని మాట. ఉప్పెన విషయంలో ఆ కారణాలు ముందస్తు హెచ్చరిక లేకపోవడం, కరకట్ట బలహీనత, తుఫాను షెల్టరు లేకపోవడం.

7.6 లైబ్నిజ్ ప్రశ్నకు తిరిగి వస్తే

ఇప్పుడు మొదటి ప్రశ్నను మన పనిముట్లతో పరీక్షిద్దాం. "అసలు ఏమీ లేకపోవడం" అనే స్థితికి ప్రతియోగి ఏది? అన్నీ. అనుయోగి ఏది? ఏ చోట, ఏ కాలంలో ఏమీ లేదు? చోటు, కాలం కూడా ఉన్నవాటిలోవే కనుక అవి కూడా ఉండకూడదు. అప్పుడు లేమి నిలవడానికి చోటు మిగలదు. నాలుగు అభావాల్లో దీన్ని ఎందులోనూ చేర్చలేం. వైశేషికులకు ఈ ఇబ్బంది రాలేదు. ఆకాశం, కాలం, పరమాణువులు, ఆత్మలు నిత్యమని వారి సిద్ధాంతం. ప్రళయంలో కూడా పరమాణువులు విడివిడిగా ఉంటాయి. ఏమీ లేని స్థితి వారి లోకంలో ఎన్నడూ రాదు.

ఫ్రెంచి తత్వవేత్త బెర్గ్‌సన్ 1907లో మరో దారిలో ఇక్కడికే వచ్చాడు. ఒక వస్తువు లేదనడమంటే దాని స్థానంలో మరొకటి ఉందని, మనం కోరినది అది కాదని చెప్పడం. ఒక్కొక్కటే తీసేస్తున్నప్పుడు ఇది సాగుతుంది. అన్నిటినీ ఒకేసారి తీసేయడానికి సాగదు. కనుక 'సంపూర్ణ శూన్యం' అన్నది ఆలోచనలా కనిపించే ఉత్త మాట, లైబ్నిజ్ ప్రశ్న అసలు ప్రశ్నే కాదు అన్నాడు.

ఈ వాదం బలమైనదే. కాని దాని హద్దు గమనించండి. సంపూర్ణ శూన్యాన్ని మనం వర్ణించలేమని అది చూపుతుంది. ప్రపంచం ఉండి తీరవలసిందేనని చూపదు. మన 'లేదు' ఎక్కడ పనిచేయదో తెలియడం ఒకటి, అక్కడ ప్రశ్న లేదని తేలడం మరొకటి.

ప్రశ్న నిజమైనదే అనుకున్నవారి సమాధానాలు ఒకదానికొకటి పొసగవు. లైబ్నిజ్ దృష్టిలో కారణాల గొలుసు ఎంత పొడుగైనా మొత్తం గొలుసుకు వెలుపల ఒక కారణం కావాలి. అది లేకపోవడానికి వీల్లేని సత్తా, అంటే ఈశ్వరుడు. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతుతో అసత్తు నుంచి సత్తు ఎలా పుడుతుందని అడిగి, మొదట ఉన్నది సత్తే అని స్థిరపరుస్తాడు. శంకరుడు ఈ దారినే నడిచి శూన్యవాదాన్ని అన్ని ప్రమాణాలకూ విరుద్ధమని తోసిపుచ్చాడు. ఆయన తోసిపుచ్చినది నాగార్జునుడు చెప్పిన శూన్యతేనా అన్నది పండితుల మధ్య నేటికీ వివాదమే. ఋగ్వేదం పదవ మండలంలోని నాసదీయ సూక్తం మాత్రం ఏ పక్షమూ తీసుకోదు. సృష్టి ఎలా కలిగిందో పైనున్నవాడికైనా తెలుసో తెలియదో అన్న సందేహంతో ముగుస్తుంది.

1948లో బీబీసీ రేడియోలో కోపుల్‌స్టన్‌తో జరిగిన చర్చలో రస్సెల్ విశ్వం ఉంది, అంతే, దానికి కారణం అడగడం కుదరదు అన్న వైఖరి తీసుకున్నాడు. నేటి భౌతికశాస్త్రంలో శూన్యప్రదేశం నుంచి కణాలు పుడతాయని చెప్పి ప్రశ్న తీరిపోయిందనేవారున్నారు. ఆ శూన్యప్రదేశంలో క్షేత్రాలున్నాయి, నియమాలున్నాయి. అది ఖాళీ బీరువా లాంటిది, బీరువా అయితే ఉంది.

నాగార్జునుడు ఈ చర్చలో ఎక్కడ నిలబడతాడు? మూలమధ్యమకకారికల తొలి ప్రకరణంలోనే వస్తువు తననుంచి గాని, ఇతరం నుంచి గాని, రెండిటి నుంచి గాని, కారణం లేకుండా గాని పుట్టదని వాదించాడు. దీన్ని బట్టి లైబ్నిజ్ కోరిన స్వతంత్ర కారణాన్ని ఆయన ఒప్పుకోడు. అకారణంగా ఉందన్న రస్సెల్ మాటనూ ఒప్పుకోడు. కృష్ణ ఒండ్రుకు ఎగువన నేల ఉంది, ఆ నేలకు ముందు శిల ఉంది. ఎక్కడ ఆగినా అది కూడా ఆధారపడినదే. మొత్తానికి ఆధారమేదని అడిగితే, భాగాలు కాక 'మొత్తం' అనే వేరే వస్తువు ఎక్కడుందని ఆయన తిరిగి అడుగుతాడు. ఇది సమాధానమా, తప్పించుకోవడమా అన్న విషయంపై మీ అధ్యయన కేంద్రంలో చర్చ పెడితే రెండు గంటలు చాలవు.

అభ్యాసం: మీ ఊళ్ళో ఒకప్పుడు ఉండి ఇప్పుడు లేని ఒకదాన్ని ఎంచుకోండి. పూడిన చెరువు కావచ్చు, మూతపడి కూల్చేసిన సినిమా హాలు కావచ్చు, ఇటుకలు తరలిపోయిన దిబ్బ కావచ్చు. దాని అభావం ఏ రకానిదో, ప్రతియోగి ఏదో, అనుయోగి ఏదో, ఆ అభావం ఎవరికి కనబడుతుందో, ఎవరికి కనబడదో రాయండి. తరువాత "అసలు ఏమీ లేకపోవడం" గురించి అవే నాలుగు విషయాలు రాయడానికి ప్రయత్నించండి. ఏ ప్రశ్న దగ్గర కలం ఆగిందో గుర్తుపెట్టి, ఒక పుటకు మించకుండా రాసి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.